గ్రంథాలయ వారోత్సవాలకు 60 మంది బడి పిల్లలు: ఒగ్గుకథా, తోలుబొమ్మలా, చేర్యాల బొమ్మలా?

ముషీరాబాద్_మిత్రుడు రాశారు:

అందరికీ నమస్కారం. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మా పేట శాఖా గ్రంథాలయంలో ఒక కార్యక్రమం పెట్టాలని కాలనీ సంఘం, పక్కనే ఉన్న ప్రభుత్వ పాఠశాల అనుకుంటున్నాయి. 3 నుంచి 7 తరగతుల పిల్లలు 60 మంది. తల్లిదండ్రులూ వస్తే బాగుంటుంది. హాలు సుమారు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. వెనక పుస్తకాల గది, ముందు చిన్న ఆవరణ ఉన్నాయి. ఏటా జరిగే వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు ఈసారి వద్దనుకున్నాం. ఒగ్గుకథ అని ఒకరు, తోలుబొమ్మలని ఇంకొకరు, చేర్యాల బొమ్మలు వేయిద్దామని మరొకరు. ఏది పెట్టాలి, ఏమేం కావాలి, ఎక్కడ దెబ్బతింటాం? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_గ్రంథపాలకురాలు రాశారు:

కళ సంగతి తర్వాత, ముందు తేదీ చూడండి. 14 బాలల దినోత్సవం, బడిలో వాళ్ళ కార్యక్రమం వాళ్ళకుంటుంది. 20న ముగింపు సభ, బహుమతులు, పెద్దల రాక. ఈ రెండు రోజులూ వదిలేసి మధ్యలో ఒక పనిదినం పట్టుకోండి. బడినీ కుటుంబాలనూ ఒకే పూట పిలవకండి. పనిదినం ఉదయం తల్లిదండ్రులు రాలేరు, ఆదివారం టీచర్లు రారు. పనిదినాన పిల్లలకు, ఆ వారంలో వచ్చే ఆదివారం సాయంత్రం కుటుంబాలకు పెట్టుకోండి. సామాను అదే, కథ అదే. ఆదివారం కథ చెప్పేది మాత్రం మొదటి రోజు నేర్చుకున్న పిల్లలే. అలా చేస్తే తల్లిదండ్రుల్ని ప్రత్యేకంగా బతిమాలే పని ఉండదు.

ఇక అనుమతి. శాఖ గ్రంథపాలకుడి చేతిలో సొంతంగా ఖర్చు పెట్టే అధికారం దాదాపు ఉండదు. ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు జిల్లా లేదా నగర గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది, ఖర్చుకు మంజూరు కూడా అక్కడి నుంచే రావాలి. కాబట్టి లేఖ సంస్థ కార్యదర్శి పేరున రాసి, దాని నకలు ఒకటి శాఖలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. మీది ముషీరాబాద్ కాబట్టి హైదరాబాద్ నగర గ్రంథాలయ సంస్థ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో వాకబు చేస్తే సరిపోతుంది. ఇది చదివే కూకట్‌పల్లి వాళ్ళు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా సంస్థకు, శేరిలింగంపల్లి వాళ్ళు రంగారెడ్డి జిల్లా సంస్థకు రాయాలి. చిరునామా తప్పితే మీ లేఖ ఊరంతా తిరిగి వారోత్సవాలు ముగిశాక ఇంటికొస్తుంది.

లేఖలో తేదీ, గంటలు, పిల్లల సంఖ్య, ఏయే గదులు వాడతారు, కరెంటు ఎంత కావాలి, ఖర్చు ఎవరిది, చివర ఊడ్చేది ఎవరు అన్నీ రాయండి. ఆ చివరి మాట కనిపిస్తే అనుమతి తొందరగా వస్తుంది, నమ్మండి. నెల ముందే ఇవ్వండి.

నల్లకుంట_టీచర్ రాశారు:

మేడమ్ చెప్పిన తేదీల మాట అక్షరాలా నిజం. బడి వైపు నుంచి కొన్ని చేరుస్తాను.

60 మందినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే ప్రదర్శన చూపించాలనుకోకండి. వెనక వరసల్లో ఉన్న 40 మందికి ఏమీ కనబడదు, వాళ్ళు గోల మొదలుపెడితే ముందు 20 మందికీ వినబడదు. 20 మంది చొప్పున మూడు జట్లు చేయండి. ఒక మూల కథ, ఒక మూల నీడబొమ్మలు, ఒక మూల రంగులు. ఒక్కోటి 30 నిమిషాలు, మారడానికి 5 నిమిషాలు. 10 గంటలకు వస్తే 10.10కి మొదలు, 11.50కి మూడు చుట్లూ అయిపోతాయి. తర్వాత 20 నిమిషాలు పుస్తకాల గదిలో. 12.10కి బయల్దేరితే మధ్యాహ్న భోజనం వేళకు బడిలో ఉంటారు. భోజనం ఆలస్యం కావచ్చని వంట చేసేవాళ్ళకు ముందురోజే చెప్పాలి, లేకపోతే చల్లారిన అన్నం, ముఖం మాడ్చుకున్న హెడ్మాస్టరు.

జట్లు తరగతుల వారీగా వద్దు. 3వ తరగతి జట్టుకు కత్తెర పని నడవదు, 7వ తరగతి జట్టుకు చిన్నపిల్లల కథ అంటే నవ్వులాట. ప్రతి జట్టులో పెద్దవాళ్ళు ఏడుగురు, చిన్నవాళ్ళు పదమూడు మంది ఉండేలా కలిపి, ఒక్కో పెద్ద పిల్లకు ఇద్దరు చిన్నవాళ్ళను అప్పగించండి. చొక్కాకు రంగు కాగితం ముక్క అంటించండి: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. దాని మీద పేరు ఒక్కటే ఉండాలి, బడి పేరు, ఫోన్ నంబరు వద్దు. ప్రతి జట్టుతో ఒక టీచరు కదలాలి. మూల దగ్గర ఉండే మనిషి మూల దగ్గరే ఉండాలి.

ఇంకో మాట. సభ అంటే పిల్లల ముందు ఉపన్యాసాలు కాదు. అతిథుల్ని 11.50కి పిలవండి, 10 గంటలకు కాదు. పిల్లలు చేసిన బొమ్మల్ని అతిథులు చూస్తారు, మాటలు వాటంతట అవే తగ్గుతాయి.

బొమ్మల_తెర రాశారు:

తోలుబొమ్మల గురించి. అసలు తోలుబొమ్మలాట జట్టును రప్పించడం వేరు, పిల్లల చేత నీడబొమ్మలు చేయించడం వేరు. జట్టు రాత్రి చీకట్లో, పెద్ద తెర మీద ఆడితేనే ఆటకు అందం. మేక తోలును పలచగా గీకి, రంగులు వేసిన బొమ్మలవి, వెలుగు వాటి గుండా దూరి రంగులు తెర మీద పడతాయి. పగలు 10 గంటలకు కిటికీలున్న హాల్లో వాళ్ళను కూర్చోబెడితే వాళ్ళ పరువూ పోతుంది, మీ డబ్బూ పోతుంది. మీ పనిదినానికి రెండోదే పెట్టుకోండి.

పుస్తకాల గది కిటికీలు తక్కువ ఉంటే అదే వాడండి. కిటికీలకు నల్లబట్ట గానీ రెండు పొరల వార్తాపత్రికలు గానీ అంటించాలి. తలుపు సందు కూడా మరవకండి.

తెర: తెల్ల పంచె ఒకే పొర. రెండు పొరలైతే నీడ మందంగా, మసకగా వస్తుంది. 6 అడుగుల వెడల్పు, సుమారు 4 అడుగుల ఎత్తు చాలు. పైనా కిందా వెదురు కర్ర చుట్టి, రెండు పక్కలా క్లిప్పులతో లాగి కట్టాలి. ముడతలుంటే బొమ్మ అక్కడ వంకర తిరుగుతుంది. తెర కింది అంచు నేల నుంచి 3 అడుగుల ఎత్తులో ఉండాలి, ఆ కింద దుప్పటి వేలాడదీయాలి. ఆడించే పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు మాత్రమే పైకెత్తుతారు. తెర నేలకు ఆనించి కడితే బొమ్మ కంటే తలకాయల నీడలే ఎక్కువ పడతాయి.

దీపం: తెరకు 5 అడుగుల వెనక, తెర మధ్య భాగం ఎత్తులో. అందరూ తప్పు చేసేది ఇక్కడే. పెళ్ళిళ్ళకు కట్టే ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు తెస్తారు. అందులో చిన్న చిన్న దీపాలు పదులకొద్దీ ఉంటాయి, ఒక్కోటీ ఒక్కో నీడ వేస్తుంది, అంచులు చెదిరిపోతాయి. పాల రంగు ఎల్‌ఈడీ బల్బు కూడా వద్దు, దాని గోళం మొత్తం వెలుగుతుంది కాబట్టి నీడ మెత్తబడుతుంది. వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదును. ఒకే దీపం ఉన్న టార్చి మేలు, దాని ముందున్న అద్దం తీసేయగలిగితే ఇంకా మేలు. హాలోజన్ వద్దే వద్దు, వేడికి కాగితం కాలుతుంది, పిల్లల చేతులు దగ్గర్లో ఉంటాయి.

బొమ్మ తెరకు ఆనుకుని ఉండాలి. వెనక్కి జరిగితే పెద్దదవుతుంది, మసకబారుతుంది. రాక్షసుడు లేచేటప్పుడు కావాలని వెనక్కి లాగితే అదే గమ్మత్తు.

సామాను లెక్క: నల్ల చార్టు మామూలుగా 22 × 28 అంగుళాలు. ఒక్కో చార్టుకు ఆరు ముక్కలు, అంటే ఒక్కోటి సుమారు 9 × 11. 60 మందికి 10 చార్టులు, పాడయ్యేవాటికి 2. చీపురు పుల్లలు 150. మొన తేలని కత్తెరలు 20. కాగితపు టేపు 6 చుట్టలు. సెల్లో టేపు కొనకండి, పిల్లల చేతుల్లో అది తనకు తానే అతుక్కుంటుంది. కళ్ళకు, నగలకు ఒక రంధ్రం పంచింగ్ మిషన్లు 4. ఎరుపు, పసుపు, నీలం జెలటిన్ కాగితం ఒక్కో రంగుకు 2. చెయ్యి కదలాలంటే రెండు ముక్కలు కొంచెం ఒకదాని మీద ఒకటి పెట్టి, సూదితో పొడిచి, దారం దూర్చి, రెండు వైపులా ముడి వేయాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే ఊడుతుంది. ముడికీ కాగితానికీ మధ్య అగ్గిపుల్ల పెట్టి ముడి వేసి, తర్వాత పుల్ల లాగేయండి. సూదులు 7వ తరగతి పిల్లల చేతిలోనే.

30 నిమిషాల్లో గీయడం, కత్తిరించడం, ఆడటం మూడూ కావు. గీతలు ముందే చార్టు మీద గీసి ఉంచండి. కత్తిరించడానికి 15, పుల్ల అంటించడానికి 5, ఆటకు 10.

చేర్యాల_రంగులు రాశారు:

సార్, చేర్యాల బొమ్మలు పెడ్తమంటే మంచిదే గానీ ముందుగాల బట్ట సంగతి చూస్కోవాలె. ఈ బొమ్మలేసే నకాశీ వాళ్ళు మామూలు కాన్వాసు మీద ఎయ్యరు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికిచ్చిన చింతగింజల ముద్ద, జిగురు నీళ్ళు కలిపి మూడు పూతలు వెయ్యాలె. ఒక పూత మంచిగ ఆరినంకనే ఇంకోటి. తొందరవడి తడి మీద తడి పూస్తే బట్ట సుట్టంగనే పెళ్ళలు పెళ్ళలు రాల్తది. చింతగింజలు రాత్రి నానవెట్టి, పొట్టు తీసి, మెత్తగ రుబ్బి, చిక్కవడేదాక ఉడికియ్యాలె. ఇది పిల్లలతోని ఒక్క పూటల అయ్యే పని కాదు. బట్ట తయారుజేసే ఇవ్వున్రి.

60 ముక్కలు, ఒక్కోటి 6 × 8 అంగుళాలు అనుకుందాం. 36 అంగుళాల పన్న ఉన్న బట్ట మీటరుకు 24 ముక్కలు వస్తయి. రెండున్నర మీటర్లు కావాలె, మూడు తీస్కోన్రి. ఎర్ర నేపథ్యం ముందే నింపి, బొమ్మ గీత కూడ గీసి ఇస్తే పిల్లలకు రంగులు నింపుడు మిగుల్తది. 30 నిమిషాలకు అదే సరి. పాతకాలం ఇంగిలీకం (ఎరుపు), పేవుడి (పసుపు), దీపపు మసి, నీలిమందు అన్నీ రాళ్ళు, చెట్లు, మసికెల్లి తీసిన రంగులు, గవన్నీ కళాకారుని దగ్గర సూపియ్యున్రి సాలు, పిల్లలకు పోస్టర్ రంగులు ఇయ్యున్రి. అక్రిలిక్ ఇస్తే యూనిఫాం మీద పడ్డది పోదు, తల్లులు మిమ్ముల తిడ్తరు.

నీళ్ళు తక్కువ వాడమని గట్టిగ చెప్పాలె. పూతల గంజి, సుద్ద ఉంటయి గద, బ్రష్షు మస్తు తడిగ ఉంటే కింద పూతే లేచొస్తది, రంగు బురద అయితది. గుండ్రని బ్రష్షులు 2 నంబరుయి 20, 6 నంబరుయి 20. నీళ్ళ గ్లాసులు ఇద్దరికొకటి, తుడ్సుకునుటానికి పాత బట్ట ముక్క పక్కకు. నల్ల గీత ఆఖర్ల, రంగు ఆరినంక. గా టైం మీకు ఉండదు, అందుకే బొమ్మల పేర్లు వెనక రాసి తాడుకు క్లిప్పులేసి ఆరవెట్టి, నల్ల గీత బడిల తెల్లారి గీయమనున్రి.

మాస్కుల జోలికి పోకున్రి. రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి కొబ్బరి చిప్ప మీద ఒత్తి చేస్తరు. ఆరనీకే రోజులు కావాలె. మబ్బు పట్టిందంటే బూజు కూడ పడ్తది.

కళాకారులను పిలిస్తె పైసలు ముందుగాల మాట్లాడుకోన్రి. చేర్యాల కెల్లి వచ్చి పొయ్యేసరికి దినం పోతది. సగం ముందు, సగం ఆ పూటనే. రానుపోను కిరాయి, భోజనం మీదే. శాలువా కప్పి పంపిస్తె కడుపు నిండదు.

ముషీరాబాద్_మిత్రుడు రాశారు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒగ్గుకథ గురించి ఎవరూ మాట్లాడలేదు. సంఘంలో పెద్దవాళ్ళకు అదే ఇష్టం. ఆవరణలో పెట్టొచ్చా?

దరువు రాశారు:

ఒగ్గు అంటే చిన్న డమరుకం, కథకు పేరు దాన్నుంచే వచ్చింది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు రాత్రుళ్ళు నడుస్తాయి. ముందు కథకుడు, అందుకునే వంతపాటగాళ్ళు, ఢోళ్ళు, తాళాలు, నపీర (ఊదే వాద్యం), కంజీర. దాన్ని 30 నిమిషాలకు కుదించమంటే జట్టు కుదిస్తుంది. కానీ ‘కొంచెం కథ చెప్పండి’ అని వదిలేస్తే ప్రార్థన, పరిచయాలతోనే 20 నిమిషాలు దాటుతుంది. మల్లన్న కథలో ఒక్క ఘట్టం, మొదలూ తుదీ ఉన్నది, ముందే మాట్లాడి పెట్టుకోండి.

బడిరోజు వద్దు, ఆదివారం సాయంత్రం పెట్టండి. కారణం రెండు. ఢోలు చప్పుడుకు పక్క రెండు మూలల్లో కథ, నీడబొమ్మలు నడవవు. రెండోది చట్టం. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, ప్రకటించిన చోట మైకే కాదు, ఢోలు కొట్టడమూ కుదరదు. మీ గ్రంథాలయం పక్కనే బడి ఉందన్నారు. ఆవరణలో లౌడ్ స్పీకర్ పెట్టాలంటే పోలీసుల రాతపూర్వక అనుమతి అడగాలి, అడిగినా ఇక్కడ దొరకడం కష్టం. మీ చోటు ఆ మండలంలో లేదని ముందు కనుక్కుని, మైకు లేకుండానే పెట్టండి. ఢోళ్ళకు మైకు అసలే అక్కర్లేదు, కథకుడి గొంతు 100 మందికి చక్కగా చేరుతుంది. జనాన్ని మూడు వైపులా దగ్గరగా కూర్చోబెట్టాలి, అంతే. కుర్చీలు వరసలుగా వేసి స్టేజీ కడితేనే మైకు అవసరం పడుతుంది.

చప్పుడు పడని పిల్లలు కొందరుంటారు. వాళ్ళ తల్లిదండ్రులకు ముందే చెప్పండి, లోపల పుస్తకాల గది తెరిచి ఉంచండి.

కథల_అక్క రాశారు:

అందరూ కళల గురించి రాశారు, కథ మూల గాలికి వదిలేశారు. నిజానికి సామాను లేకుండా సాగేది అదొక్కటే, చెడిపోవడం కూడా సులువే.

మామూలు బొమ్మల పుస్తకం 20 మందికి కనబడాలంటే పిల్లల్ని అర్ధచంద్రాకారంలో రెండు వరసలు కూర్చోబెట్టాలి, ముందు వరసకు మీకు మధ్య నాలుగు అడుగులు. పుస్తకం ఒళ్ళో కాదు, చెవి పక్కన, బొమ్మ పిల్లల వైపు. కిటికీ మీ వెనక ఉండకూడదు, మీరు నల్లటి ఆకారంలా కనబడతారు. పుట ప్రతిసారీ ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పి చూపాలి. వెనక వరస లేచి నిలబడిందంటే పుస్తకం చిన్నదని అర్థం.

పెద్ద పుస్తకం కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉన్నాయి. చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి, రచయిత, బొమ్మలు గీసినవారు, ప్రచురణకర్త, లైసెన్సు పేరు రాస్తే అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. ఏ3 కాగితం మీద ఒకవైపే రంగుల్లో ముద్రించి, అట్టకు అంటించి, పై అంచున రింగులు వేయండి. పక్క అంచున వేస్తే పుటలు వంగిపోతాయి. తళతళలాడే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైటు వెలుగు పడి బొమ్మ కనబడదు.

దుకాణంలో కొన్న పుస్తకాన్ని అలా పెద్దది చేయించడం మాత్రం హక్కులున్నవాళ్ళను అడిగాకే. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బడి పిల్లలు, సిబ్బంది తమలో తామూ, తల్లిదండ్రుల ముందూ వేసే ప్రదర్శనకు మినహాయింపు ఇస్తుంది. అది ప్రదర్శనకే, పుస్తకం నకళ్ళు తీయడానికి కాదు.

ముషీరాబాద్ అన్నారు కాబట్టి ఇంకోటి. జట్టులో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు కావచ్చు. తెలుగు కథను పూర్తిగా చెప్పి మళ్ళీ ఉర్దూలో చెప్పకండి, రెండు సగాలూ వంతులవారీగా విసుక్కుంటాయి. కథలో నాలుగైదు సార్లు వచ్చే ఒక పల్లవి వాక్యం ఎంచుకుని దాన్ని రెండు భాషల్లో పిల్లల చేతే అనిపించండి. మిగతాది బొమ్మలు, చేతులు చెబుతాయి. ‘ఏం నేర్చుకున్నారు?’ అని చివర నీతి అడిగే అలవాటు ఈ ఒక్క పూటకు మానండి.

రామంతాపూర్_నాన్న రాశారు:

అన్నీ బాగున్నాయి గానీ, పోటీ, బహుమతి లేకపోతే తల్లిదండ్రులు రారండీ. సర్టిఫికెట్ ఇస్తారా అనేదే మొదటి ప్రశ్న. కనీసం క్విజ్ అయినా పెట్టండి.

నల్లకుంట_టీచర్ రాశారు:

అన్నా, పోటీ పెడితే వచ్చేది గెలిచే పిల్లల తల్లిదండ్రులే. వాళ్ళు ఎలాగూ వస్తారు. 60లో ముగ్గురికి బహుమతి ఇస్తే 57 మంది ఓడిపోయి ఇంటికెళ్తారు, గ్రంథాలయం అంటే ఓడిన చోటుగా గుర్తుంటుంది. సర్టిఫికెట్ అందరికీ ఇవ్వండి, అభ్యంతరం లేదు. దాని వెనక పక్క పుస్తకాల జాబితా అచ్చేయండి, ఖాళీ గడులు పది. ఒక్కో పుస్తకం తిరిగిచ్చినప్పుడు గ్రంథపాలకుడు ఒక ముద్ర వేస్తారు.

రామంతాపూర్_నాన్న రాశారు:

ముద్రల సంగతి నచ్చింది. పోటీ మీద నా అభిప్రాయం మారలేదు. పిల్లలు పోటీ అంటేనే హుషారవుతారు. జట్టుకు జట్టుకు మధ్య పెట్టండి, ఒక్కొక్కరికి కాదు.

పాత_గ్రంథపాలకురాలు రాశారు:

జట్ల పోటీ సరే. అయితే ఎవరు ఎక్కువ చదివారు అన్నది కాకుండా పుస్తకం వెతకడం పోటీ పెట్టండి. పుస్తకాలకు విషయం వారీగా అంకెలిచ్చే డ్యూయీ వర్గీకరణలో జానపద కథలు 398.2 దగ్గర ఉంటాయి. అంకె రాసిన చీటీ ఇచ్చి ఆ పుస్తకం తెమ్మనండి. పదేళ్ళ పిల్లలు అయిదు నిమిషాల్లో అరల లెక్క పట్టేస్తారు. ముందురోజు అరలు సరిగ్గా సర్దారో లేదో చూసుకోండి, అంకె ఒకచోట, పుస్తకం ఇంకోచోట ఉంటే పరువు పోయేది గ్రంథాలయానికే.

ఆ చివరి 20 నిమిషాలు అన్నిటికంటే ముఖ్యం. నీడబొమ్మ ఆడి, రంగులేసి, పుస్తకం ముట్టుకోకుండా వెళ్తే అది గ్రంథాలయంలో జరిగినట్టు కాదు. తాళం వేసిన గాజు బీరువాల్లోంచి పుస్తకాలు తీసి బల్లల మీద ముఖచిత్రం పైకి కనిపించేలా పరచండి. 60 మందికి 150 పుస్తకాలైనా ఉండాలి, లేకపోతే పెనుగులాట. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం, మంచి పుస్తకం వాళ్ళ పలచని పుస్తకాలు ఈ వయసుకు బాగా సరిపోతాయి. పిల్లల అరలో పోటీ పరీక్షల గైడ్లు దూరి ఉంటాయి, తీసేయండి.

సభ్యత్వం అక్కడికక్కడే ఇవ్వాలంటే దరఖాస్తులు వారం ముందే ఇళ్ళకు పంపాలి. తల్లి గానీ తండ్రి గానీ సంతకం, చిరునామా రుజువు, డిపాజిట్ కావాలి. డిపాజిట్ కట్టలేని పిల్లలకు కాలనీ సంఘం కట్టొచ్చు, అయితే ఎవరికి కట్టారో జాబితా చదవొద్దు. కార్డులు ముందే రాయించి ఆ రోజు చేతికివ్వండి. 60 దరఖాస్తులు ఆ పూట నింపడం మొదలుపెడితే భోజనం వేళ దాటుతుంది.

కాచిగూడ_హైస్కూల్ రాశారు:

చర్చకు కొంచెం పక్కన. మా 9వ తరగతి 45 మందిని పెద్ద గ్రంథాలయాలకు తీసుకెళ్ళాలని ఉంది. ఒకే రోజులో అఫ్జల్‌గంజ్, కోఠి, సాలార్‌జంగ్ మ్యూజియం అవుతాయా?

పాత_గ్రంథపాలకురాలు రాశారు:

మూడూ పెడితే మూడింట్లోనూ మెట్లే గుర్తుంటాయి. రెండే పెట్టుకోండి. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది, మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి 1936లో వచ్చింది. కోఠిలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నాటిది, నిజాం రాజ్యంలో తెలుగు చదువులకు ఆసరా అయిన చోటు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్ళు పూనుకుని పెట్టింది. సర్కారు పెట్టిన గ్రంథాలయం ఒకటి, జనం పెట్టుకున్నది ఒకటి. 9వ తరగతి సాంఘిక శాస్త్రానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు. రెండు చోట్లా లేఖ ముందే ఇవ్వండి, చదువుకునేవాళ్ళు కూర్చునే హాల్లోకి 45 మందిని ఒకేసారి తోలకండి, 15 చొప్పున.

మ్యూజియానికి ఇంకో రోజు వెళ్ళండి, శుక్రవారం సెలవని గుర్తుంచుకుని.

నల్లకుంట_టీచర్ రాశారు:

ప్రయాణానికి మెట్రో మంచిది. కోఠికి సుల్తాన్ బజార్ స్టేషను, అఫ్జల్‌గంజ్‌కు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషను నుంచి నడక. రైలుకు మూడు బోగీలే, తలుపులు తెరిచి ఉండేది కొద్ది సెకన్లే. 45 మందిని ఒకే తలుపు దగ్గర నిలబెడితే సగం మంది ప్లాట్‌ఫాం మీద మిగులుతారు. బోగీకి 15 మంది, ఒక టీచరు. ముందు ఒక టీచరు దిగాలి, చివర ఒకరు ఎక్కాలి.

ముషీరాబాద్_మిత్రుడు రాశారు:

బడిరోజు మూడు మూలలు, ఆదివారం పిల్లల నీడబొమ్మలు, తర్వాత ఒగ్గుకథ అని సంఘంలో ఖాయం చేశాం. ఒక్క సందేహం. టార్చి కొనే బదులు ఫోన్ ఫ్లాష్ చాలదా? ఆదివారం ఆవరణలో చీకటి పడ్డాక ఆడిద్దామని.

బొమ్మల_తెర రాశారు:

ఫోన్ ఫ్లాష్ చిన్న చుక్కే కాబట్టి నీడ పదునుగానే వస్తుంది. కానీ వెలుగు తక్కువ. 3 × 2 అడుగుల అట్టపెట్టె తెరకు, 10 మంది చూసేందుకు సరిపోతుంది. 6 అడుగుల తెరకు, అదీ ఆవరణలో వీధి దీపం పడుతుంటే, చాలదు. టార్చి కొనండి, ఛార్జి నిండుగా ఉన్నది ఇంకోటి పక్కన పెట్టుకోండి. వీధి దీపం తెరకు ఏ వైపు ఉందో ముందురోజు రాత్రి వెళ్ళి చూడండి. జనం వైపు నుంచి పడితే నీడ తేలిపోతుంది. తెరను తిప్పి, గోడ చాటున కట్టండి. నవంబరులో రాత్రి గాలికి తెర తెరచాపలా ఉబ్బుతుంది, కింది వెదురుకు రెండు ఇటుకలు వేలాడదీయండి, పిల్లల కాళ్ళకు తగలనంత పక్కగా.